ముత్తాత రైల్వే కొలువు కాగితాల కోసం ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా తాత వాళ్ల నాయన నిజాం రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

మొన్న పాత ఇల్లు విప్పుతుంటే సందూక అడుగున ఒక ఉర్దూ కాగితం దొరికింది. సగం చెదలు తినేసింది. మా వాడలో ఉర్దూ చదివే పెద్దాయనకు చూపిస్తే పేరు, కాజీపేట, 1338 ఫసలీ (నిజాం కాలపు సంవత్సరం లెక్క) అని మాత్రం చెప్పగలిగాడు. మిగతాది గొలుసుకట్టు రాత. ఫసలీకి 590 కలిపితే 1928. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది కదా, లెక్క కుదిరింది అనుకున్నాను. కానీ నాయనమ్మ ఒప్పుకోదు, "బెజవాడ లైను పడ్డప్పుడే చేరిండు" అంటుంది. ఆ లైను 1889 నాటిది! అంటే అప్పుడు చేరింది ముత్తాత తండ్రి అయ్యుండాలి. మా ఇంట్లో తాత పేరే మనవడికి పెడతారు, ఎవరు ఎవరో తేలక టెన్షన్.

1954-55 ఖాస్రా పహాణీలో (భూమి రికార్డు) మా తాత పేరు ఉంది. అంతకుముందరి సేత్వార్ (పాత భూమి సర్వే రికార్డు) అడిగితే ఒక ఆఫీసులో రేపు రా, మాపు రా అని మూడుసార్లు తిప్పారు.

నిజాం రైల్వే కూలీల సర్వీసు రిజిస్టర్లు సికింద్రాబాద్ రైల్ నిలయంలో అడగాలా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనా (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు)? దరఖాస్తులో ఏమేం రాయాలి? వరంగల్‌లో పాత ఉర్దూ చేతిరాత చదివేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఎవరైనా ఇలా వెతికి ఉంటే దయచేసి చెప్పండి. నాయనమ్మకు తొంభై దాటాయి.