బెజవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద కొట్లు ఉండాలా, పైకి పంపేయాలా?

కృష్ణలంక కుర్రాడు:
2023లో అమృత్ భారత్ పథకం మొదలైన దగ్గర్నుంచి దేశంలో ఎక్కడ చూసినా స్టేషన్లను కొత్తగా కడుతున్నారు. నమూనా బొమ్మలన్నీ ఎయిర్‌పోర్టులాగే ఉంటాయి. పట్టాల మీద పెద్ద హాలు, హాల్లో షాపులు, కింద ప్లాట్‌ఫారం ఖాళీగా. మన బెజవాడ స్టేషన్‌ను కూడా అలా మార్చాలా అంటే నా ఓటు మారుద్దామనే. పది ప్లాట్‌ఫారాలున్నా పండగ రోజుల్లో మనిషి పక్కకి తిరగడానికి జాగా ఉండదు. స్టాలు, స్టాలు ముందు గుంపు, పక్కన పార్సిల్ మూటలు, ఆ పక్కన దుప్పటి పరుచుకున్న కుటుంబం. పసుపు గీత దాటొద్దని మైకులో చెబుతూనే ఉంటారు. గీతకి ఇవతల నడిచే దారేది?

2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్ తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. మనకి ఏటా దసరా ఉంది, భవానీ దీక్షల విరమణ ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు. కాబట్టి టీ, టిఫిను, పుస్తకాలు, బొమ్మలు అన్నీ పై హాల్లోకి పోవాలి. కింద బెంచీలు, మంచినీళ్ల పంపులు చాలు. మీరేమంటారు?

ఎస్6 సైడ్ లోయర్:
అన్నా, నువ్వు బెజవాడలో బండి ఎక్కేవాడివి. నేను బెజవాడ మీదుగా పోయేవాణ్ణి. హౌరా నుంచి చెన్నై వెళ్లే లైనూ, ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే లైనూ కలిసేది ఇక్కడే. నాలాంటి వాళ్లు బండికి వందల్లో ఉంటారు. ఏ పది నిమిషాలో హాల్టు. అంతలో మెట్లెక్కి, పై హాల్లో టోకెన్ తీసుకుని, ఇడ్లీ పార్సిల్ కట్టించుకుని, మళ్లీ మెట్లు దిగేసరికి నా బెర్తు కృష్ణా బ్రిడ్జి దాటుతుంటుంది. ఎయిర్‌పోర్టులో విమానం మధ్యలో ఆగి, జనం ఇడ్లీ కోసం దిగడం నువ్వెప్పుడైనా చూశావా? రైలుకి ఎయిర్‌పోర్టు నమూనా ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

తెనాలి పాస్:
ఇంకా ఇడ్లీ కోసం దిగడమేంటండీ. ఈ-కేటరింగ్‌లో, అంటే రైల్వే ఆన్‌లైన్ భోజనం సర్వీసులో, ముందు స్టేషన్లోనే ఆర్డర్ పెడితే సీటు దగ్గరికే వస్తుంది.

జనరల్ బోగీ:
దానికి పీఎన్నార్, అదే రిజర్వేషన్ టికెట్ నెంబరు, కావాలండీ. జనరల్ టికెట్‌కి పీఎన్నార్ ఎక్కడిది?

ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఎల్‌హెచ్‌బీ బోగీ, అంటే ఇప్పుడొస్తున్న కొత్త రకం పెట్టె, ఒక్కోటి దాదాపు 23.5 మీటర్లు. 24 బోగీల బండి అంటే అర కిలోమీటరుకి పైనే. జనరల్ పెట్టెలు ఎక్కువగా ముందు చివరనో వెనక చివరనో ఉంటాయి. స్టాళ్లేమో మెట్ల దగ్గర, నడిమధ్యలో. బోగీ వదిలి నడిమధ్యకి పోతే తిరిగొచ్చేసరికి మన చోటులో ఇంకొకరు కూర్చుని ఉంటారు. అందుకే కిటికీ దగ్గరికి ఏదొస్తే అదే తింటాం, ఏ ధర చెబితే అదే ఇస్తాం. 2023లో 20 రూపాయల ఎకానమీ భోజనం మొదలెట్టినప్పుడు కౌంటర్లు జనరల్ బోగీలు ఆగే చోటే పెట్టమన్నారు. అది రాసినాయన ఎప్పుడో ఒకసారి బండి పొడవునా నడిచి చూసి ఉంటాడు. ఇప్పుడు మీరు అన్నీ పై హాల్లో పెడితే మాకు అర కిలోమీటరుకి తోడు మెట్లు కూడా.

మైలవరం మామ:
మా నాన్న ఇరవై ఏళ్లు స్టేషన్ స్టాలు నడిపాడు. ఏ స్టేషనో చెప్పను. సెలవుల్లో నేను కూడా నిలబడ్డాను కాబట్టి లోపలి సంగతి చెబుతా.

స్టాలు బేరం రోజంతా ఉండదు. బండి ఆగిన మొదటి మూడు నాలుగు నిమిషాలే బేరం. స్లీపర్ బోగీలు ఆగే చోట టీ, టిఫిను పోతాయి. ఏసీ బోగీల ఎదురుగా అయితే నీళ్ల సీసాలు, బిస్కట్లు. బండి వెళ్లాక మళ్లీ ఈగలు. ఆ మూడు నిమిషాల్లో ఒకేసారి ఇరవై చేతులు చాపుతారు. 'బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదు' అని బోర్డు పెట్టారు గానీ, ఆ హడావిడిలో బిల్లు అడిగేవాడూ ఆగడు, ఇచ్చేవాడూ ఆగడు. నీళ్ల సీసా 15 రూపాయలున్న రోజుల్లో ఇరవై ఇస్తే అయిదు తిరిగి రాకపోవడం అక్కడ పుట్టిన జబ్బే. కొంత దొంగతనమే, ఒప్పుకుంటా. కొంత చిల్లర లేక. ఫోన్‌తో కట్టడం మొదలయ్యాక ఇది తగ్గింది.

ఇక జాగా సంగతి. దారికి అడ్డమయ్యేది స్టాలు కాదు, స్టాలు బయట పేరుకునే సరంజామా. లోపల గోడౌన్ ఉండదు కదా, అందుకని కూల్‌డ్రింకు క్రేట్లు, నీళ్ల కేసులు, ఖాళీ అట్టపెట్టెలు, ఓ ఫ్రిజ్ బయటికొస్తాయి. మా నాన్న కూడా పెట్టేవాడు, ఫైను కట్టేవాడు, మర్నాడు మళ్లీ పెట్టేవాడు. పైగా స్టాలు రెండు వైపులా తెరిచి ఉంటే కొనేవాళ్లు సరిగ్గా పట్టాల అంచుకే వచ్చి నిలబడతారు. మెట్ల కింద ఎవరూ నడవని జాగా ఉంటుంది చూడండి, సరుకు అక్కడ పెట్టుకోనివ్వండి. స్టాలును మెట్ల వెనక నీడలోకి జరిపి ఒక్క వైపే తెరవండి. సగం దారి దానంతట అదే తెరుచుకుంటుంది. దీనికి అద్దాల హాలు అక్కర్లేదు.

ఇంకొకటి. 2017 కేటరింగ్ పాలసీలో చిన్న స్టాళ్లకి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కోటాలున్నాయి, అందులో ఆడవాళ్లకి 33 శాతం ఉపకోటా ఉంది. పై హాల్లో చదరపు అడుగు లెక్కన అద్దె పెడితే ఆ చిన్నవాళ్లు కట్టగలరా? పిజ్జా వాడు కడతాడు, కాఫీ చైన్ వాడు కడతాడు. రాత్రి రెండింటికి రెండు ఇడ్లీ పొట్లం కట్టేవాడు ఉండడు.

మోడరేటర్:
కోటాల మీద మొదలైన గొడవ పోస్టులు రెండు తీసేశాను. స్టేషన్ గురించి మాట్లాడండి.

పటమట అక్క:
మామగారూ, రాత్రి రెండు గంటల మాట మీరు ఎత్తారు కాబట్టి నేనూ చెప్తాను. ఒంటరిగా రాత్రి బండి కోసం ఎదురుచూసే ఆడపిల్ల ఎక్కడ నిలబడుతుందో గమనించారా? టీ స్టాలు లైటు కింద. సీసీ కెమెరా ఎక్కడుందో మాకు కనపడదు, టీ కొట్టు బాబాయి కనపడతాడు. ప్లాట్‌ఫారం ఖాళీ చేస్తే పగలు బాగుంటుందేమో, రాత్రి నాకైతే భయమే.

అలాగని పై హాలు వద్దనను. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఒక పెద్ద జంక్షన్‌లో బండి వచ్చే ముందు ప్లాట్‌ఫారం మారిందని చెబితే ఆవిడని మెట్లెక్కించి దింపేసరికి నా ప్రాణం పోయింది. పైన హాలు ఉండి, ఏ ప్లాట్‌ఫారమైనా అక్కణ్నుంచే లిఫ్టులో దిగేటట్టు ఉంటే ఆ టెన్షన్ ఉండదు. నాకు ఒక్కటే అనుమానం. ఆ హాల్లో కుర్చీలెన్ని, షాపులెన్ని? అద్దె వచ్చేది షాపుకే కదా. కొన్నాళ్లకి కాఫీ కొన్నవాళ్లకే కుర్చీ అంటారు. ముందు కుర్చీల లెక్క, బాత్రూముల లెక్క కాగితం మీద రాసి, మిగిలిన జాగాలో షాపులు వేసుకోమనండి.

కృష్ణలంక కుర్రాడు:
సైడ్ లోయర్ అన్నా, పది నిమిషాల సంగతి నిజంగా నేను ఆలోచించలేదు. నేనెప్పుడూ ఇక్కడ ఎక్కడమే, ఇక్కడ దిగడమే. కానీ పూర్తిగా లొంగను. పినాకిని, శాతవాహన, రత్నాచల్ రైళ్లు బయల్దేరేది బెజవాడ నుంచే. వాటికి జనం ముందే వస్తారు, పైన తీరిగ్గా తినే దిగొచ్చు. అలాంటి బండ్ల ప్లాట్‌ఫారాలైనా ఖాళీ చేద్దాం. మీదుగా పోయే బండ్లు ఆగే చోట మామగారు చెప్పినట్టు మెట్ల నీడలో చిన్న స్టాళ్లు. బొమ్మలు, చీరలు, సెల్‌ఫోన్ కవర్లు మాత్రం కింద ఎందుకు? కొండపల్లి బొమ్మ కొనేవాడు పది నిమిషాల్లో కొనడు, బేరమాడాలి.

ఎస్6 సైడ్ లోయర్:
వినడానికి బాగుంది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రోజూ ఒకేలా ఉంటే కదా! ఒక బండి లేటైతే మిగతావన్నీ జరుగుతాయి. శాతవాహన కోసం ఖాళీ చేసిన చోట మీదుగా పోయే కోరమాండల్ వచ్చి ఆగిందనుకో, నేను ఆకలితో నీ కొత్త బెంచీ మీద కూర్చోవాలి.

తెనాలి పాస్:
ఢిల్లీ సంఘటన తర్వాత పెద్ద స్టేషన్ల బయట హోల్డింగ్ ఏరియాలు కడతామన్నారు కదా, బండి వచ్చేదాకా జనాన్ని అక్కడే ఆపడానికి. పండగలకి అది చాలదా? కొట్లు పీకడం ఎందుకు?

పటమట అక్క:
బయట నుంచి వచ్చేవాళ్లకి చాలుతుంది. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కేవాళ్లు? గుంటూరు నుంచి వచ్చి విశాఖ బండి అందుకునేవాళ్లు అప్పటికే లోపలున్నారు. వాళ్లని బయటికి పంపి మళ్లీ లోపలికి రమ్మంటారా? అందుకే పై హాలు కావాలంటున్నా, షాపుల కోసం కాదు.

తారాపేట వాసి:
మీ అందరి బొమ్మలోనూ స్టేషన్ అంటే గాంధీనగర్ వైపే. పదో నెంబరు ప్లాట్‌ఫారం వైపు తారాపేట గేటు అని ఒకటుంది, గుర్తుందా? వన్‌టౌన్‌లో సరుకు కొని మూటలతో బండెక్కే చిల్లర వర్తకులు వచ్చేది ఇటు నుంచి. వాళ్లకి కావలసింది కాఫీ చైను కాదు, మూట దించుకునే అరుగు. ఆ పార్సిల్ మూటలన్నిటికీ వేరే దారి చూడండి ముందు. స్టాళ్ల కంటే అవే ఎక్కువ జాగా తింటున్నాయి.

మైలవరం మామ:
తారాపేట గారి మాటకి నా ఓటు. మూటల మాట ఎత్తితే స్టాళ్లవాళ్లంతా మీ వెనకే ఉంటారు, రాసిపెట్టుకోండి.

జనరల్ బోగీ:
కుర్చీలు, లిఫ్టులు, మూటలు, బొమ్మలు అన్నీ వచ్చాయి. చివరి పెట్టె ఆగే చోట ఎండకి నీడ ఉంటుందా లేదా? చాలా స్టేషన్లలో రేకుల కప్పు బండి చివరిదాకా రాదు. మే నెలలో ఒకసారి ఆ చివర నిలబడి చూడండి. నీళ్ల పంపూ అక్కడ ఉండదు.

కృష్ణలంక కుర్రాడు:
కప్పు, పంపు రెండూ రాసుకున్నా. 20 రూపాయల భోజనం కౌంటరు కూడా ఆ చివరే ఉండాలంటారా, ఇంకేమైనా చేర్చాలా?

జనరల్ బోగీ:
పెరుగన్నం ఉంటే చాలు.