వారపత్రికల చందాలు ఆపేస్తే చెత్త తగ్గుతుందా? ఇంట్లో పెద్ద గొడవైంది

మాధురి_కూకట్‌పల్లి: మా ఇంటికి ఒక వారపత్రిక, ఒక భక్తి పత్రిక, ఒక వ్యవసాయ పత్రిక (పొలం అమ్మేసి ఏళ్లయింది, అయినా వస్తూనే ఉంది), మా ఆయన కార్ల పత్రిక వస్తాయి. ప్రతిదానికీ ప్లాస్టిక్ కవరు, లోపల నగల షాపు కరపత్రం, మళ్లీ చందా కట్టమని ఫారం. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన నడుమెత్తు కట్టలు. అన్నీ ఆపేసి ట్యాబ్‌లో చదువుకోండి అన్నాను, మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. నేనన్నదాంట్లో తప్పేముంది?

పచ్చబాట: ముందు ఆ కవరు సంగతి చూడండి. 2022 జూలైలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది కదా, ఇంకా ఎలా వేస్తున్నారు?

కోఠి_పుస్తకాలు: ఆ నిషేధం జాబితాలో స్వీటు డబ్బాలకీ, ఆహ్వాన పత్రికలకీ, సిగరెట్ పెట్టెలకీ చుట్టే పల్చటి కవరు ఉంది, పత్రికలది లేదు.

పచ్చబాట: లేకపోతే ఉండాలి! చెత్త ఏరుకునేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు, బరువు తూగదు కాబట్టి. పాత రోజుల్లో పత్రికని చుట్టి ఒక కాగితం పట్టీ అంటించి, దాని మీదే అడ్రసు రాసి పంపేవాళ్లు.

విశ్రాంత_ఉద్యోగి: ఆ పట్టీ ఊడదీసి పోస్టాఫీసులో అందరూ చదివాక సీరియల్ పేజీ చిరిగి మాకు వచ్చేది, వర్షాకాలమైతే ముద్దగా. కవరు ఎందుకొచ్చిందో కూడా ఆలోచించండి. అమ్మా మాధురీ, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో ట్యాబ్ చూడమంటే ఎలా? మా అబ్బాయి ఇలాగే ‘ఇల్లు సర్దుతున్నా’ అని నా విపుల, చతుర మాసపత్రికల సంచికలు మొత్తం పాత పేపర్లతనికి వేసేశాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. 2021లో రెండూ అచ్చు ఆగిపోయాయి. ఇప్పుడు ఎక్కడ తెచ్చుకోను?

మాధురి_కూకట్‌పల్లి: మీ అబ్బాయి చేసిన దానికి నన్నెందుకండీ అంటారు?

చిరుతిండి: పాత పత్రికలు బజ్జీల బండికి ఇచ్చేయండి.

కోఠి_పుస్తకాలు: వద్దు బాబూ. అచ్చు సిరా తిండిలోకి దిగుతుందని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మామూలు పేజీలు, పిన్నులతో సహా, మిల్లుకెళ్తే గుజ్జవుతాయి, పిన్ను అక్కడ వడపోతలో పోతుంది. చిక్కంతా పైన ప్లాస్టిక్ పొర అతికించిన అట్టతోనే. చించి చూడండి, సన్నటి పొర సాగుతుంది. అలాంటివి చింపి విడిగా పెట్టాలి.

మాధురి_కూకట్‌పల్లి: చింపేదెవరు?

పచ్చబాట: కాగితం కోసం ఎన్ని అడవులు నరుకుతున్నారో కూడా చెప్పండి.

సరుగుడు_తోట: అడవులా? మా ప్రకాశం జిల్లా వైపు వచ్చి చూడండి సార్, సుబాబుల్, జామాయిల్ మేం పొలంలో వేసి మిల్లులకి తోలుతున్నాం. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడితే కాగజ్‌నగర్ ఊరు ఊరంతా దిగాలు పడింది, 2018లో తెరిచేదాకా. మీరు ట్యాబ్‌లో చదువుకుంటే మా కర్ర ఎవడు కొంటాడు? ఇప్పటికే రేటు లేక చస్తున్నాం.

పచ్చబాట: రైతు రేటుకీ ప్లాస్టిక్ కవరుకీ ఏం సంబంధం?

విశ్రాంత_ఉద్యోగి: ఏ సంబంధమూ లేదు, ఈ కాలం వాళ్లకి చదివేవాడంటేనే గిట్టదు. ఆన్‌లైన్‌లో ఒక చెంచా కొంటే చెప్పుల డబ్బాలో పెట్టి పంపుతారు, అది చెత్త కాదు. ముసలాడి వారపత్రిక చెత్త.

మాధురి_కూకట్‌పల్లి: పెద్దవారని ఊరుకుంటున్నా, ఇక చెప్పేస్తా. చదివేది మామయ్యగారు. కవరు చించి సోఫా మీద పడేసేదీ ఆయనే. ఏరేది నేను, తడీ పొడీ వేరు చేసేది నేను, చెత్త బండి వచ్చినప్పుడు మూడంతస్తులు దిగేది నేను. పాత పేపర్లతను నున్నటి కాగితం వద్దంటాడు, బతిమాలేదీ నేనే. ఇదంతా లేకపోతే ఆయన పది పత్రికలు తెప్పించుకున్నా నాకేం బాధ? చదవద్దని నేనెప్పుడన్నాను?

కోఠి_పుస్తకాలు: ఇది మొదటే చెప్పాల్సిందమ్మా.

లక్ష్మి_అత్తిలి: మా ఇంట్లోనూ ఇదే పాట అక్కా.

విశ్రాంత_ఉద్యోగి: సరే, కవరు చించినవాడే డబ్బాలో వేయాలి, ఒప్పుకుంటా. కానీ కట్టలు దింపడానికి ఆయన మోకాళ్లు సహకరించొద్దా?

మాధురి_కూకట్‌పల్లి: ఆయన్ని దింపమని ఎవరన్నారు? కార్ల పత్రిక చదివే ఆయన ఒకరున్నారు కదా ఇంట్లో.