శుభలేఖలో తెలుగు అక్షరాలనూ వాల్చాలా?

ఎంవీపీ_అన్న:
మా చెల్లి శుభలేఖ ప్రూఫ్ నిన్న డాబాగార్డెన్స్ నుంచి వచ్చింది. ఇంగ్లిష్ పేర్లు బోడోని ఇటాలిక్ అనే వాలు అక్షరాల ఫాంట్‌లో ఉన్నాయి. లావు గీత పక్కనే వెంట్రుకంత సన్నగీత, ఎంత బాగుందో! తెలుగు వైపు మామూలు నిలువు అక్షరాలే. అవీ వాల్చమంటే ప్రెస్ ఆయన వద్దంటున్నారు. మీరేమంటారు?

గాజువాక_డిజైన్:
వాల్చమనండి. ఊళ్లో ఎన్ని ఫ్లెక్సీల మీద వాలిన తెలుగు లేదు? అందరూ చదువుతున్నారుగా. కార్డు చూసేది బంధువులు, ప్రెస్‌లో అక్షరాలు కూర్చే కంపోజర్లు కాదు.

పాత_కంపోజర్:
ఫ్లెక్సీని బండి మీద పోతూ చూస్తాం. శుభలేఖకు పసుపు రాసి దేవుడి దగ్గర పెడతాం. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇటాలిక్ అంటే నిలువు అక్షరాన్ని పక్కకు తోయడం కాదు బాబూ. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ పుస్తకమంతా ఇటాలిక్‌లో అచ్చు వేశాడు. ఆ అక్షరాలను ఫ్రాన్సెస్కో గ్రిఫో అప్పటి చేతిరాత చూసి విడిగా చెక్కాడు. దాదాపు మూడు వందల ఏళ్లకు పార్మాలో బోడోని, పారిస్‌లో దీదో లావుకూ సన్నానికీ ఇంత తేడా తెచ్చారు. నీ ప్రూఫ్‌లో ఇంగ్లిష్ చిన్న 'ఏ' చూడు. నిలువు బోడోనిలో దానికి పైన వంగిన తల ఉంటుంది, ఇటాలిక్‌లో ఆ తలే ఉండదు. ఆకారమే వేరు.

తెలుగును వాలిస్తే కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే పక్కకు లాగుతుంది. గుడి కుడికి, ఒత్తు ఎడమకు జరుగుతాయి. కార్డు పైన సింహాద్రి అప్పన్న పేరుంటుందిగా, దాన్నే వాల్చి చూడు.

ఏయూ_బొమ్మలు:
మరి బాపు గారి రాత? ఆ కుంచె గీతలో లావూ సన్నమూ రెండూ ఉన్నాయి. దాంతో ఫాంట్లే వచ్చాయి. తెలుగుకు ఆ ఒయ్యారం కుదరదంటే నేనొప్పుకోను.

పాత_కంపోజర్:
కుదరదనలేదమ్మా. చేత్తో గీస్తే కుదురుతుంది, బటన్ నొక్కితే కాదు.

ఇంకొకటి. బోడోని ఇటాలిక్‌ను పేర్లకే ఉంచండి. అక్షరం సైజు ముప్పై పాయింట్లు దాటితే అది వెలిగిపోతుంది. ఎనిమిది పాయింట్లలో మండపం చిరునామా పెడితే సన్నగీతలు తెగిపోతాయి. మెరూన్ రంగు మీద అక్షరాలు తెల్లగా వదిలితే సిరా పాకి పూడుకుపోతాయి. నేనలా ఒకసారి 500 కార్డులు పాడుచేశాను. ఫోన్ నంబర్లో 3కీ 8కీ తేడా తెలియలేదు. నా డబ్బుతో మళ్లీ వేయించి ఇచ్చాను.

గాజువాక_డిజైన్:
చిరునామా సంగతి ఒప్పుకుంటా. వాల్చడం మాత్రం కస్టమర్ ఇష్టమే.

ఎంవీపీ_అన్న:
అప్పన్న పేరు వాల్చి చూశాను. న ఒత్తు పక్కకు పోయింది. నిలువుగానే ఉంచమని చెప్పేశాను.

ఏయూ_బొమ్మలు:
అన్నా, తెలుగు పేర్లు రెండూ నేను కుంచెతో రాసిస్తాను. ప్రింట్‌కు ఎప్పుడు ఇస్తున్నారు?