సాన్ ఆంతోన్ రాత్రి గుర్రాన్ని మంట దాటించడం ఆశీర్వాదమా, హింసా?

పొద్దుపొడుపు (చర్చ ప్రారంభం)

స్పెయిన్‌లో మాడ్రిడ్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరాన, ఆవిలా ప్రావిన్సులో, సాన్ బర్తొలొమే దె పినారెస్ అనే చిన్న కొండ ఊరు ఉంది. అక్కడ ఏటా జనవరి 16 రాత్రి, అంటే పశువుల రక్షకుడిగా కొలిచే క్రైస్తవ సాధువు సాన్ ఆంతోన్ పండుగకు ముందు రాత్రి, వీధుల పొడవునా నెగళ్ళు వేసి గుర్రాలను వాటి మీదుగా దూకిస్తారు. దీనిని లాస్ లూమినారియాస్ అంటారు. పూర్వం పశువులకు జాడ్యం సోకినప్పుడు పొగ పట్టించి కాపాడుకున్నారని, ఆ వాడుకే ఇలా నిలిచిందని ఊరివారు చెబుతారు. ఇది క్రూరత్వమని, ఆపించాలని జంతు హక్కుల పార్టీ అయిన పాక్మా ఎంతో కాలంగా కోరుతోంది. సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. ఆవేశం లేకుండా, విషయం మీదనే రాయండి.

కళ్ళెం

ఫొటోలు మాత్రమే చూసినవారికి ఇది ఘోరంగా కనబడటం సహజమే. ఎందుకంటే మంట ఎగిసిన క్షణాన్నే కెమెరా పట్టుకుంటుంది. దానికి ముందు జరిగిన గంటసేపటి తయారీని ఎవరూ చూపరు. గుర్రం తోకను జడలా అల్లి, ముడిచి, బిగించి కడతారు. జూలును కూడా నిప్పురవ్వ అంటుకోకుండా అల్లుతారు. నెగడు మీద పచ్చి కొమ్మలు కప్పుతారు కాబట్టి మంట కంటే పొగే ఎక్కువ; మొదటి అరగంటలో ఎదుటి ఇంటి గుమ్మం కూడా కనబడదు. సన్నాయిని పోలిన దుల్సైనా, చిన్న డోలు ముందు నడుస్తుండగా రౌతులు బయలుదేరతారు. పశువైద్యులు, అగ్నిమాపక సిబ్బంది అందుబాటులో ఉంటారు. గుర్రాలకు గాయాలు కావని ఊరివారు ఏటా చెప్పే మాటను నేను కొట్టివేయలేను, ఎందుకంటే అవి వారు సొంత ఖర్చుతో, సొంత పిల్లల్లా పెంచుకుంటున్న గుర్రాలు. దుక్కికీ బరువులకూ ట్రాక్టర్లు వచ్చాక ఆ కొండల్లో గుర్రాన్ని మేపడానికి మిగిలిన కారణాలు చాలా తక్కువ. వాటిలో ఈ పండుగ ఒకటి. దీనిని ఆపితే గుర్రాలు సుఖపడతాయా, లేక ఆ ఊళ్ళో గుర్రాలే లేకుండా పోతాయా అన్నది ఆలోచించవలసిన విషయం.

నిలకడ

కళ్ళెం గారు, "పిల్లల్లా పెంచుకుంటున్న గుర్రాలు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నిప్పును చూసి పారిపోవడం గుర్రం స్వభావం. రౌతు మాట విని అది ముందుకు దూకిందంటే, అది అతనికి లొంగిందని అర్థం తప్ప భయం పోయిందని కాదు. గాయం కాలేదంటే బాధ కలగలేదని కూడా కాదు. 2022 జనవరి 5 నుండి అమలులోకి వచ్చిన సవరణతో స్పెయిన్ పౌర చట్టం జంతువులను వస్తువులుగా కాక అనుభూతి గల జీవులుగా గుర్తిస్తున్నది. ఆ మాటకు విలువ ఉండాలంటే, కాలిన మచ్చ కనబడితేనే హింస అనే కొలబద్దను వదులుకోవాలి.

మరొక సంగతి. ఊరివారి కథను యథాతథంగా ఒప్పుకున్నా, అందులో మందు పొగే కదా, దూకడం కాదు. గొడ్డును పొగలో నడిపిస్తే సరిపోయే చోట మంట మీదుగా దూకించడం ఎప్పుడు, ఎవరి కోసం మొదలైంది? సామోరా ప్రావిన్సులోని మాంగనేసెస్ దె లా పోల్వొరోసాలో జనవరిలో జరిగే సాన్ విసెంతె పండుగలో మేకను గంటగోపురం పైనుండి కిందికి వదిలి, పరచి పట్టుకున్న గుడ్డలో పట్టేవారు. అది కూడా సంప్రదాయమే అన్నారు. ఆ ఆచారం ఆగిపోయింది, అయినా ఆ ఊరు తన పండుగ చేసుకుంటూనే ఉంది.

ఎడారిపూవు

నేను మాడ్రిడ్‌లో ఉంటున్నాను. జనవరి 17న ఒర్తలేసా వీధిలోని సాన్ ఆంతోన్ గుడి ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలామె చెప్పుల పెట్టెలో తాబేలును తెచ్చింది. ఫాదర్ గుమ్మం దగ్గర నిలబడి తీర్థం చల్లగానే తాబేలు తల లోపలికి లాక్కుంది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది. ఆశీర్వాదం ఎవరికి అందిందో చెప్పడం కష్టం. (నిజం చెప్పాలంటే, వరుసలో ఒకదానినొకటి చూసి మొరుగుతున్న కుక్కల అవస్థ కూడా తక్కువేమీ కాదు.) ఆ రోజు అమ్మే చిన్న రొట్టెలలో ఒకదానిని ఒక నాణెంతో కలిపి ఏడాదంతా దాచుకుంటే ఇంట్లో కరువు రాదని నమ్ముతారు, నాది ఇప్పటికీ వంటింటి అలమరలో ఉంది.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. సలమాంకా ప్రావిన్సులోని లా అల్బెర్కాలో జూన్ 13న ఒక పందిపిల్లను ఆశీర్వదించి, మెడలో గంట కట్టి, వీధుల్లోకి వదులుతారు. ఇంటింటివారూ దానికి తిండి పెడతారు. బలిసిన ఆ పందిని జనవరి 17న లాటరీలో ఇచ్చేస్తారు, వచ్చిన సొమ్ము సేవకు వెళుతుంది. తరువాత దాని గతి ఏమిటో అందరికీ తెలుసు. అయినా దాని కోసం మంటల గుర్రాల కోసం జరిగినంత రభస జరగదు. కంటికి కనబడే భయానికే మనం స్పందిస్తున్నామా?

పొద్దుపొడుపు

ఎడారిపూవు గారు చెప్పిన పందికీ నిప్పుకూ పాత సంబంధం ఉంది. సాన్ ఆంతోన్ ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న సన్యాసి, 356లో మరణించారు. ఆయన పేరిట 11వ శతాబ్దం చివర ఫ్రాన్సులో ఏర్పడిన సేవకుల సంఘం, రై ధాన్యానికి పట్టే బూజు వల్ల కాళ్ళూ చేతులూ మండి కుళ్ళిపోయే జబ్బుకు వైద్యం చేసేది. ఆ జబ్బు పేరే "సాన్ ఆంతోన్ నిప్పు". ఆ సంఘం పందులు మెడలో గంటలతో వీధుల్లో స్వేచ్ఛగా తిరిగేవి. పందికొవ్వు లేపనాల్లో వాడేవారు. కాబట్టి ఈ పండుగలో నిప్పు, పంది, పశువు ఒకచోట చేరడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

చేనుగట్టు

స్పెయిన్ దాకా ఎందుకు? సంక్రాంతికి మైసూరు, మండ్య ప్రాంతాల్లో కిచ్చు హాయిసువుదు అని ఎడ్లను మంట దాటిస్తారు. జల్లికట్టును 2014లో నిషేధించిన మన సుప్రీంకోర్టే, 2023 మే 18న దానిని అనుమతించే తమిళనాడు చట్టాన్ని సమర్థించింది. ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవద్దా?

నిలకడ

చేనుగట్టు గారు, ఇక్కడ తప్పు జరుగుతోంది కాబట్టి అక్కడ అడగకూడదంటే ఎక్కడా అడగలేము. నేను రెండు చోట్లా అదే అడుగుతాను. సాన్ బర్తొలొమే విషయంలో నా కోరిక చిన్నది: నెగళ్ళు ఉండనివ్వండి, పచ్చి కొమ్మల పొగ ఉండనివ్వండి, దుల్సైనా ఉండనివ్వండి. గుర్రాలను పొగ పక్కగా నడిపించి, మర్నాడు గుడి ముందు దీవెన ఇప్పించండి. బార్సిలోనాలో ఇదే సాధువు పేరిట జరిగే ఎల్స్ త్రెస్ తోంబ్స్ ఊరేగింపులో బండ్లూ గుర్రాలూ తిరిగి ఆశీర్వాదం పొందుతాయి. అక్కడ ఎవరూ మంట దూకరు, సంప్రదాయానికి లోటూ లేదు.

కళ్ళెం

బార్సిలోనా మహానగరం, ఊరేగింపు లేకపోయినా అక్కడ మనుషులకు కొదవ లేదు. ఈ కొండ ఊరు కొన్ని వందల మందిది. గుర్రాలు పొగ పక్కగా నడిస్తే ఫొటోలు తీసేవారు రారని మీరూ నేనూ ఎరుగుదుము. వారు రాకపోవడం నాకు బెంగ కాదు. పట్నాల్లో స్థిరపడిన ఆ ఊరి పిల్లలు చలికాలంలో సొంత ఇంటి తలుపు తెరిచేది ఆ ఒక్క రాత్రికే కదా. నడిచే గుర్రం కోసం వాళ్ళు వస్తారా?