1855 నాటి బోర్డో వైన్ శ్రేణులను ఇకనైనా సవరించాలా?

నల్లరేగడి:
పారిస్ ప్రదర్శన కోసం 1855లో ఫ్రాన్స్‌లోని బోర్డో వాణిజ్య మండలి అడగగా, అక్కడి దళారులు ఎర్ర వైన్ తోటలను ఐదు శ్రేణులుగా విడదీసి ఒక జాబితా ఇచ్చారు. ఏ తోట సరుకు ఏళ్ల తరబడి ఏ ధర పలికిందన్నదే వారి ఆధారం. ఆ ధరల పట్టీని నేల గొప్పతనానికి రుజువుగా ఇప్పటికీ చూపించడం తగదు కనుక దానిని సవరించాలని నా అభిప్రాయం.

పాతసీసా:
నల్లరేగడి గారూ, తరతరాలు కొన్నవాళ్లు ఇచ్చిన తీర్పే ధర. లాఫిత్, లతూర్, మార్గో, ఓబ్రియాన్ తోటలు అప్పుడు మొదటి శ్రేణిలో ఉన్నాయి, ఇప్పుడూ ఆ స్థాయిలోనే ఉన్నాయి. సవరణలతో ఏమవుతుందో బోర్డోలోనే మరో వైన్ ప్రాంతమైన సెంతెమిలియాన్‌లో చూశాం. అక్కడ 1955 నుంచి సవరిస్తూ వస్తే, 2006 నాటి జాబితాను న్యాయస్థానం కొట్టివేసింది. 2022 జాబితా రాకముందే షెవాల్ బ్లాంక్, ఓజోన్, ఆంజెలూస్ తోటలు తప్పుకున్నాయి.

గోదారిగట్టు:
మూతాన్ తోటను 1973లో రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి తెచ్చారు కదా?

పాతసీసా:
మూతాన్ యజమాని బారన్ ఫిలిప్ దశాబ్దాల పాటు పట్టుబట్టాక, అప్పటి వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ సంతకంతో జరిగిన ఏకైక మార్పు అది.

నల్లరేగడి:
ఏకైకం కాదు. కాంతమెర్ల్ తోటను కూడా తరువాత చేర్చారు.

పాతసీసా:
అది 1855లోనే దిద్దిన లోపం. చేర్చడం వేరు, శ్రేణి పెంచడం వేరు.

నల్లరేగడి:
పేరు చేరితే జాబితా మారినట్టే. ఈ మాటకు మీరు సూటిగా జవాబు చెప్పడం లేదు.

పాతసీసా:
రెండుసార్లు చెప్పాను. మీరు చదవడం లేదు.

తీగపందిరి:
కాంతమెర్ల్‌ను వదిలి అసలు విషయానికి రండి.

నల్లరేగడి:
సరే, నా బాధ చెబుతాను. చదువుకునే రోజుల్లో బోర్డోలోని మెదోక్‌లో రెండేళ్లు ద్రాక్ష కోతకు వెళ్లాను. నేను పనిచేసిన తోటవారు, శ్రేణిలో లేని పొరుగు రైతు భూమిని కొన్నారు. మొదటి ఏడు ఆ రైతు పేరుతో అమ్ముడుపోయిన పండే, రెండో ఏడు శ్రేణి పొందిన తోట తొట్టిలో పడింది. సాళ్లు అవే, తీగలు అవే, కోసిన చేతులూ మావే. మారింది దస్తావేజు ఒక్కటే. ఆ రైతు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బుర్గుండిలో ఇలా జరగదు. అక్కడి క్లో ద వూజో తోట సుమారు 50 హెక్టార్లు, దానికి దాదాపు 80 మంది యజమానులు. చేతులు మారినా గ్రాండ్ క్రూ అనే అత్యున్నత హోదా ఆ నేలకే ఉంటుంది.

పాతసీసా:
అంటే ఇరవై ఏళ్లుగా జీతంలో మిగిల్చి నేను కొనుక్కున్న సీసాలన్నీ మోసమనా మీ ఉద్దేశం? ఆ మాట నన్ను నొప్పించింది. మీరు పొగిడిన వూజోలోనే వాలు పైభాగం సున్నపురాతి నేల, రోడ్డు పక్కన నీరు సరిగా ఇంకని బంకమట్టి. రెండింటికీ ఒకటే హోదా. ఆ 80 మందిలో అశ్రద్ధగా చేసినవారికీ అదే హోదా దక్కుతుంది. బోర్డోలో కాబెర్నే, మెర్లో ద్రాక్ష రకాలను వేరువేరు నేల చెక్కల నుంచి తెచ్చి కలుపుతారు. తూగని తొట్టిని అదే తోట తక్కువ ధరకు అమ్మే రెండో వైన్‌కు మళ్లించి, తమ పేరును కాపాడుకునే మనిషిని నమ్మి నేను డబ్బు పెడుతున్నాను.

నల్లరేగడి:
ఇప్పుడు విషయం బయటపడింది. మీకు శ్రేణి అంటే తయారుచేసినవారిపై నమ్మకం. నాకు అది సాగుచేసిన నేలకు దక్కవలసిన గుర్తింపు. పొరుగు రైతుకు ఆ గుర్తింపు అందే దారి ఈ జాబితాలో లేదు.

తీగపందిరి:
ఏ ఏడు ఏ చెక్కల పండు వాడారో సీసా మీద రాస్తే ఇద్దరికీ సమ్మతమేనా?

పాతసీసా:
రాయనివ్వండి, నేను చదివే కొంటాను. శ్రేణిని మాత్రం ముట్టుకోవద్దు.

నల్లరేగడి:
ఆ రైతు పేరు కూడా రాస్తేనే నేను ఒప్పుకుంటాను.