చీకట్లో పెరిగిన గోధుమ మొలకలు ఎండలో పెడితే పచ్చబడకుండా పాలిపోతున్నాయి, కారణం?

సీతమ్మధార_బోటనీ:
బీఎస్సీ ప్రాక్టికల్ కోసం గోధుమలు అట్టపెట్టెలో, చీకట్లో మొలకెత్తించాం. తొమ్మిది రోజుల మొలకలు. ల్యాబ్‌లో ట్యూబ్‌లైటు కింద పెట్టిన ట్రే సాయంత్రానికి పచ్చబడింది. మేడ మీద ఎండలో పెట్టిన ట్రే మర్నాటికి తెల్లగా పాలిపోయి వాలిపోయింది. వెలుతురు ఎక్కువైతే ఇంకా త్వరగా పచ్చబడాలి కదండీ? అసలు వెలుతురు వచ్చిందని కనిపెట్టేది క్లోరోప్లాస్టేనా?

పత్రహరితం:
చీకట్లో ఉన్నంతసేపూ అవి క్లోరోప్లాస్టులు కావండి, ఎటియోప్లాస్టులు, అంటే వెలుతురు కోసం ఆగి ఉన్న రూపం (రెండిటినీ కలిపి ప్లాస్టిడ్లంటారు). లోపల థైలకాయిడ్లకు (పత్రహరితం ఉండే పొరలకు) బదులు జాలీలా అల్లుకున్న ప్రోలామెల్లార్ బాడీ ఉంటుంది. అందులో ప్రోటోక్లోరోఫిల్లైడ్ (పత్రహరితానికి ముందు రూపం), ఎన్ఏడీపీహెచ్ (దానికి హైడ్రోజన్ అందించే అణువు), దాన్ని పత్రహరితం వైపు మార్చే పీఓఆర్ ఎంజైము కలిసి సిద్ధంగా ఉంటాయి. వెలుతురు పడితేనే ఆ ఎంజైము పనిచేస్తుంది, అదీ సెకనులోపే. పైన్ మొలకలు చీకట్లోనూ పచ్చబడతాయి, వాటికి వెలుతురు అక్కర్లేని ఎంజైము వేరే ఉంది. పూలమొక్కలకు ఆ వెసులుబాటు లేదు.

ఇది ప్లాస్టిడ్ లోపలి సంగతి. ప్లాస్టిడ్ బయట, కణంలో ఎరుపును ఫైటోక్రోమ్, నీలాన్ని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్లు పసిగడతాయి. అడ్డుగా ఉన్న పీఐఎఫ్ ప్రోటీన్లు పోయి, జన్యువుల్ని నడిపే హెచ్‌వై5 ప్రోటీను నిలబడ్డాకే కేంద్రకంలోని జన్యువులు మేలుకుంటాయి. క్లోరోప్లాస్టు ప్రోటీన్లలో అత్యధికం అక్కడినుంచే రావాలి, దానికి గంటలు పడుతుంది.

మీ ట్రే పాడైంది ఈ సెకన్లకూ గంటలకూ ఉన్న తేడా వల్లే. చీకట్లో రోజులు గడిచేకొద్దీ పీఓఆర్‌కు అంటుకోని ప్రోటోక్లోరోఫిల్లైడ్ మిగిలిపోతుంది. మండుటెండలో అది పీల్చిన శక్తి ఆక్సిజన్‌కు చేరి సింగ్లెట్ ఆక్సిజన్ (చురుకైన, హానిచేసే ఆక్సిజన్) పుడుతుంది, పొరలు దెబ్బతింటాయి. పత్రహరితాన్ని పట్టి ఉంచే ప్రోటీన్లు అప్పటికింకా రాలేదు మరి.

కాబట్టి 5–6 రోజుల మొలకలే వాడండి. మొదటిరోజు చదరపు మీటరుకు సెకనుకు 50 మైక్రోమోల్స్ వెలుతురు చాలు. నడినెత్తి ఎండ 2000 దాకా ఉంటుంది.

ల్యాబ్_బెంచ్:
వెలుతురును ఫైటోక్రోమ్ పసిగడుతుందన్న పై మాటను పరీక్షించి చూపించాలంటే మూడు ట్రేలు పెట్టండి. ఒకటి చీకట్లోనే ఉంచాలి. రెండోదానికి 660 నానోమీటర్ల ఎరుపు ఎల్ఈడీ 5 నిమిషాలు. మూడోదానికి అదే ఎరుపు, వెంటనే 730 నానోమీటర్ల దూర ఎరుపు (ఎరుపు లేపిన ఫైటోక్రోమ్‌ను మళ్లీ నిద్రపుచ్చేది) 10 నిమిషాలు. అన్నీ 3 గంటలు చీకట్లో ఉంచి, ఒకేసారి తెల్ల వెలుతురులోకి తీయండి. రెండో ట్రే తొందరగా పచ్చబడుతుంది, మొదటిది మొదటి రెండు మూడు గంటలు నత్తనడకే. మూడోది మొదటిదానివైపు జరిగితే, ఆ తొందర ఫైటోక్రోమ్ వల్లేనని తేలుతుంది.

కొలతకు 100 మిల్లీగ్రాముల ఆకు, చల్లటి 80 శాతం ఎసిటోన్ 5 మిల్లీలీటర్లు. మసక వెలుతురులో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి 645, 663 నానోమీటర్ల దగ్గర శోషణ (ఎ) చదవండి. మొత్తం పత్రహరితం లీటరుకు మిల్లీగ్రాముల్లో: 20.2 × ఎ645 + 8.02 × ఎ663. ప్లాస్టిక్ క్యూవెట్లు వద్దు, ఎసిటోన్‌కు మసకబారి రీడింగు పెరిగిపోతుంది. చీకటి ట్రే రీడింగులోనూ ఒక మెలిక ఉంది: ప్రోటోక్లోరోఫిల్లైడ్ 628 దగ్గర పీలుస్తుంది, దాని అంచు 645ను తాకుతుంది. క్లోరోఫిల్ బి (645 దగ్గర పీల్చే పత్రహరితం రకం) ఉన్నట్టు కనిపిస్తే నమ్మకండి.

సీతమ్మధార_బోటనీ:
చాలా థాంక్సండీ. నీళ్లు పోయడానికి పెట్టె తెరిచినప్పుడు ఎర్ర సెల్లోఫేన్ చుట్టిన టార్చి వాడుతున్నాం, ఫరవాలేదా?

ల్యాబ్_బెంచ్:
అది ఫొటో డార్క్‌రూముకు పనికొచ్చేది, మొలకలకు కాదు. ఫైటోక్రోమ్‌ను లేపేది ఎరుపే. 520 ప్రాంతపు పచ్చ ఎల్ఈడీ మసగ్గా, నిమిషంలోపు. పచ్చ సెల్లోఫేన్‌లోంచి దూర ఎరుపు జారుతుంది, పాత బల్బుకు చుడితే ఇంకా ఎక్కువ.

పత్రహరితం:
మరొకటి. ఓట్స్‌తో చేసేవాళ్లు మన వేసవిలో మేడ మీది గదిలో పెట్టొద్దు. 32–34 డిగ్రీల్లో పెరిగిన ఓట్స్ ఆకుల్లో ప్లాస్టిడ్ రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసేవి) తయారవవు, ఎంత మెల్లగా వెలుతురిచ్చినా ఆ భాగం తెల్లగానే ఉంటుంది. దాన్ని ఎండదెబ్బ అనుకుంటారు. 22–25 డిగ్రీల్లో మళ్లీ ఒక ట్రే వేసి చూస్తే తేలిపోతుంది.