అప్‌డేట్: కొత్త మెక్‌గైవర్ మొదటి ఎపిసోడ్ నచ్చలేదన్నాను కదా

చేతికందిన వస్తువులతోనే ఆపదల్లోంచి బయటపడే ఏజెంట్ కథ మెక్‌గైవర్. ఆ పాత అమెరికన్ టీవీ సిరీస్‌ని మళ్లీ తీసి 2016లో వదిలిన రీబూట్ మొదటి ఎపిసోడ్ చూసి ఉసూరుమన్నాను, మిగతావి చూడొచ్చా అని అడిగాను. "కాస్త ఓపిక పట్టు, కుదురుకుంటుంది" అన్నవాళ్ల మాట విని ఇంకొన్ని చూశాను.

ముందు తీసిన పైలట్‌ని (తొలి ఎపిసోడ్‌ని) పక్కన పడేసి, జేమ్స్ వాన్ దర్శకత్వంలో మళ్లీ తీశారని ఒకరు చెప్పారు. పాత నటుల్లో హీరో లూకస్ టిల్, అతని తోడు జాక్‌గా వేసిన జార్జ్ ఈడ్స్ మాత్రమే మిగిలారట. ఆ హడావుడి తెరమీద తెలిసిపోతోంది. లేక్ కోమో పార్టీ, ప్రియురాలి నమ్మకద్రోహం, జీవాయుధం, అన్నీ ఒక్క ఎపిసోడ్‌లోనే కుక్కేశారు.

అన్నిటికంటే చిరాకు తెప్పించింది ఆ అక్షరాలు! హీరో ఏదైనా వస్తువు అందుకోగానే దాని పేరు తెరమీద పడుతుంది. 1985 నాటి సిరీస్‌లో హీరో రిచర్డ్ డీన్ ఆండర్సన్ స్విస్ కత్తి తీస్తే, ఇప్పుడేం చేస్తాడా అని బుర్ర గోక్కునేవాళ్లం. ఇక్కడ ఆ టెన్షనే లేదు. పైగా తుపాకీ అంటే పడని మెక్‌గైవర్‌కి తోడుగా తుపాకీతో జాక్ ఎప్పుడూ రెడీ.

ఈడ్స్ కబుర్లు మాత్రం బాగున్నాయి. ప్రస్తుతానికి అతని కోసమే చూస్తున్నా. మా అన్నయ్య అయితే ఇది కట్టేసి పాత సీజన్లు మొదలుపెట్టాడు.